మూడో రాత్రి భాగం

నాది కేబుల్ పని. సింగ్‌నగర్‌లో
స్తంభం నించి స్తంభానికి, డాబా నించి డాబాకి
నల్లతీగ లాగుతూ పద్దెనిమిదేళ్ళు.
ఏ తీగ ఏ తీగని ఎక్కడ దాటుతుందో
కళ్ళు మూసుకుని చెబుతాను.

మా కెజియాకి రెండు వెర్రులు.
ఒకటి నిమ్మకాయ సోడా.
రెండోది, నాలుగు సీరియళ్ళ వీరులు
ఏడాదికోసారి ఒకరింటికొకరు వచ్చే ఆ నాలుగు రాత్రులు.
సోమవారం రాగిరెక్క ఇంట్లో మొదలవుతుంది,
మంగళవారం అద్దాలక్క ఊరికి పాకుతుంది,
బుధవారం పొగమనిషి,
గురువారం అందరూ కలిసి ఒక గోడౌన్‌లో దెబ్బలాట.

ఎప్పుడూ అదే గోడౌన్ నాన్నా, అంటుంది పిల్ల.
పోయినేడు నీలం రంగేశారు, ఈసారి పసుపు.
డబ్బుల్లేవు పాపం వాళ్ళకి.
ఆకాశం చీలిందని అందరూ పైకి చూస్తారు,
మనకి మాత్రం చూపించరు.

ఇంకో తమాషా.
సొంత సీరియల్లో రాగిరెక్కది ఉరుము గొంతు.
అద్దాలక్క సీరియల్లో అడుగుపెట్టాడో లేదో
గొంతు మారిపోతుంది,
అక్కడ తెలుగు చెప్పేది వేరేవాడు.
అత్తారింటి గడపలో కొత్తల్లుడిలా
సన్నగా, మర్యాదగా, "లోపలికి రావచ్చాండీ" అంటాడు.
కెజియా పడీపడీ నవ్వుతుంది.

వేసవిలో గాంధీనగర్ తీసుకెళ్ళాను, పెద్ద తెరకి.
ముగ్గురికి టికెట్లు, కళ్ళజోళ్ళు, ఒక పాప్‌కార్న్ డబ్బా.
రెండ్రోజుల కూలి.
అబద్ధమెందుకు, బ్రహ్మాండం.
ఆకాశం నిజంగానే చీలింది.
పదకొండుమంది వీరులు గుండ్రంగా నిలబడితే
కెమెరా వాళ్ళ చుట్టూ గానుగెద్దులా తిరిగింది.
ముందు వరస కుర్రాళ్ళు కాగితాలు చింపి ఎగరేశారు,
ఇంటికొచ్చాక చూస్తే నా జేబులో రెండు ముక్కలు.
నాకూ ఒళ్ళు జలదరించింది.
మా ఆవిడ ఒక్కతే నిద్రపోయింది.

బుడమేరు వంతెన మీద పెట్రోలు అయిపోయి
స్కూటర్ నడిపిస్తుంటే పిల్ల అంది:
"వాళ్ళలో ఎవరూ ఎవర్నీ
అన్నం తిన్నావా అని అడగలేదు."
నిజమే.
రెండున్నర గంటలు, పదకొండుమంది,
తలకి పదమూడు నిమిషాలు,
అందులో కొట్టుకోడానికే పది.
ఇంక అన్నమెప్పుడు?

ఆ వానాకాలం
సోమవారం భాగం చూసింది. మంగళవారందీ చూసింది.
అద్దాలక్క చెయ్యి పొగలో ఇరుక్కుని ఆగింది కథ.
బుధవారం మధ్యాహ్నం బుడమేరు
మా వీధిలోకొచ్చింది, పిలవని చుట్టంలా
మెట్టు తర్వాత మెట్టు ఎక్కి.
కరెంటు తీసేశారు.
తెగిన నా తీగలు నీళ్ళ మీద పాముల్లా తేలాయి.

రాత్రి డాబా మీద కూచుని అడిగింది:
ఇప్పుడు అక్కడ ఏమవుతూ ఉంటుంది నాన్నా?
అక్కడ అంటే
కింద మునిగిన మా ఇల్లు కాదు.

నాకేం తెలుసు. తోచింది చెప్పాను.
పొగమనిషి డాబా దగ్గరికి జాన్‌సైదా వచ్చాడన్నాను,
లారీ ట్యూబులు రెండు కట్టి, పైన తలుపుచెక్క వేసి.
పిల్ల ఒప్పుకోలేదు.
జాన్‌సైదా మావయ్యకి సీరియల్ లేదు కదా?
ఉంది, అన్నాను. పక్క వీధిలో వస్తుంది.
నువ్వు చూళ్ళేదు.

అప్పుడే పక్క డాబా మీద టార్చిలైటు.
ఇస్త్రీబండి తిరపతమ్మ.
స్తంభం తన బండికి అడ్డమని
పదేళ్ళుగా నాతో మాటల్లేవు ఆవిడకి.
తెగకుండా మిగిలిన ఒక్క తీగకి గిన్నె తగిలించి
మా వైపు జారవిడిచింది, పులిహోర.
చీకట్లో గొంతు కూడా ఆవిడది కాదు,
సన్నగా, మర్యాదగా:
"తిన్నారా అండీ?"

కెజియా నా వంక చూసింది.
ఈసారి నవ్వలేదు.

పైన హెలికాప్టర్ ఒకటి వెళ్ళింది, పెద్ద తెర వాళ్ళది.
చప్పుడు బ్రహ్మాండం. మా వీధి మీద ఆగలేదు.
తప్పు పట్టను, ఎక్కడో ఎవరికో
పొట్లాలు దింపే ఉంటుంది.

నెల తిరిగాక ఆ బుధవారం భాగం మళ్ళీ వేశారు.
నేనే లాగిన కొత్త లైన్లో, బొమ్మ అద్దంలా.
పావుగంట చూసింది పిల్ల.
"ఇలా కాదు జరిగింది" అని లేచి
సోడాకి డబ్బులడిగింది.